సమాంతర సర్క్యూట్‌లో కరెంటు, నిరోధం: కట్టడం, లెక్కకట్టడం, మీటరుతో సరిచూసుకోవడం

"మూడు రెసిస్టర్లను సమాంతరంగా కలిపాను. సూత్రం ప్రకారం ఒక విలువ వచ్చింది, మీటరు ఇంకోటి చూపిస్తోంది. తప్పెక్కడ?" ఈ ప్రశ్న రకరకాల రూపాల్లో మళ్లీ మళ్లీ వస్తూనే ఉంది. చాలాసార్లు తప్పు సూత్రంలో ఉండదు. రెసిస్టర్ మీది రంగులనూ బ్యాటరీ మీది అంకెనూ ఉన్నదున్నట్టు నమ్మేయడం దగ్గరో, మీటరును పెట్టిన చోటులోనో దొరుకుతుంది.

ఇంకో సంగతి. పాఠాల్లో ముందు విలోమాల సూత్రంతో (ఒకటిని ఒక్కో నిరోధంతో భాగించి కూడి, ఆ మొత్తంతో ఒకటిని మళ్లీ భాగించడం) ఫలిత నిరోధం, అంటే అన్ని రెసిస్టర్లూ కలిసి చూపే నిరోధం, కనుక్కుని, తర్వాత కరెంటు జోలికి వెళ్తారు. నేర్చుకునేవాళ్లకు నేను దీన్ని తిరగేసి చెబుతాను. ఒక్కో శాఖలో ఎంత కరెంటు పోతుందో విడివిడిగా కట్టండి, అన్నిటినీ కూడండి. ఫలిత నిరోధం చివర్లో ఒక్క భాగహారంతో వచ్చేస్తుంది. ఈ దారిలో ఎక్కడ తప్పటడుగు పడినా వెంటనే కనిపిస్తుంది.

## 1. ముందుగా సమకూర్చుకోవలసినవి

- 1.5 వోల్టుల ఏఏ సెల్స్ నాలుగు, వాటిని వరుసగా (శ్రేణిలో, అంటే ఒకదాని వెనక ఒకటి) కలిపే హోల్డర్ (మొత్తం 6 వోల్టులు)
- 330 ఓమ్, 470 ఓమ్, 1000 ఓమ్ రెసిస్టర్లు ఒక్కొక్కటి, పావు వాట్‌వి
- బ్రెడ్‌బోర్డు (టంకం లేకుండా భాగాలను గుచ్చి కలిపే రంధ్రాల పలక; ఒక చిన్న వరుసలోని రంధ్రాలన్నీ లోపల కలిసే ఉంటాయి), ఏడెనిమిది జంపర్ వైర్లు (రంధ్రాలను కలిపే చిన్న తీగలు)
- డిజిటల్ మల్టీమీటర్ (డీసీలో 200 మిల్లీ ఆంపియర్ల రేంజ్ ఉన్నది)
- కాగితం, పెన్ను, క్యాలిక్యులేటర్

ఈ విలువలనే ఎంచుకోవడానికి కారణం ఉంది. 6 వోల్టుల దగ్గర 330 ఓమ్ రెసిస్టర్‌లో వేడిగా మారే శక్తి 0.11 వాట్ మాత్రమే. పావు వాట్ రెసిస్టర్‌ను అందులో సగానికి మించి శ్రమపెట్టకపోతే అది చల్లగా ఉంటుంది, విలువా మారదు. అదే 9 వోల్టుల బ్యాటరీ పెడితే ఈ శక్తి 0.245 వాట్‌కు చేరి అంచు మీద నిలుస్తుంది. రెసిస్టర్ వేలికి కాలుతుంది.

మొదటి ప్రయత్నానికి బల్బులు వద్దు. టార్చి బల్బులతో సర్క్యూట్ చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది గానీ, వేడెక్కిన కొద్దీ వాటి నిరోధం మారిపోతుంది. లెక్క ఎందుకు తప్పిందో ఎప్పటికీ తేలదు. వాటి సంగతి చివర్లో చూద్దాం.

గోడ ప్లగ్గులోని కరెంటుతో ఈ ప్రయోగం ఏ రూపంలోనూ చేయకండి. లిథియం బ్యాటరీలు కూడా ఇప్పుడు వద్దు. పొరపాటున షార్ట్ అయితే (ప్లస్, మైనస్ మధ్యలో నిరోధం లేకుండా నేరుగా కలిస్తే) అవి ఒక్కసారిగా చాలా ఎక్కువ కరెంటు వదిలి నిప్పంటుకునే ప్రమాదం ఉంది.

## 2. ఒక్కో రెసిస్టర్ అసలు విలువ రాసుకోండి

ముందు రంగులు చూడండి. నాలుగు పట్టీల రెసిస్టర్లయితే ఇలా ఉంటాయి:

- 330 ఓమ్: నారింజ, నారింజ, గోధుమ, బంగారు
- 470 ఓమ్: పసుపు, ఊదా, గోధుమ, బంగారు
- 1000 ఓమ్: గోధుమ, నలుపు, ఎరుపు, బంగారు

మూడో పట్టీని తప్పు చదివితే విలువ పదింతలు అటో ఇటో పోతుంది. గోధుమ, నలుపు తర్వాత ఎరుపు బదులు నారింజ ఉంటే అది 10,000 ఓమ్‌లు. గోధుమ ఉంటే 100 ఓమ్‌లు. ఆ 100 ఓమ్‌లది 6 వోల్టుల మధ్య పెడితే 60 మిల్లీ ఆంపియర్లు లాగి, 0.36 వాట్ వేడి పుట్టిస్తుంది. తక్కువ వెలుతురులో ఎరుపు, నారింజ, గోధుమ రంగులు ఒకదానిలా ఒకటి కనిపిస్తాయి. కాబట్టి రంగులు చూసి ఊరుకోకుండా మీటరుతో కొలవాలి.

బంగారు పట్టీ అంటే 5 శాతం అటూ ఇటూ ఉండొచ్చని. 330 అన్నది 313.5 నుంచి 346.5 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. తయారీ లోపం కాదు, ఆ ధరకు ఇచ్చే హామీయే అంత.

కొలిచే క్రమం:

1. రెసిస్టర్‌ను బోర్డులో పెట్టకముందే, విడిగా టేబుల్ మీద ఉంచండి.
2. మీటరును ఓమ్‌ల రేంజ్‌లో 2000కు తిప్పండి.
3. రెండు ప్రోబ్‌లనూ ఒకదానికొకటి తాకించండి. సున్నా కాకుండా ఒకటి రెండు ఓమ్‌లు చూపిస్తే ఆ మేరకు ప్రతి కొలత నుంచీ తీసేయండి.
4. రెసిస్టర్ రెండు కాళ్లకూ ప్రోబ్‌లు ఆనించి, అంకె నిలకడగా నిలిచాక రాసుకోండి.

కాళ్లను రెండు చేతుల వేళ్లతో పట్టుకుని కొలవకండి. మీ ఒళ్లు కూడా ఒక రెసిస్టరే. దానికి సమాంతరంగా చేరిపోతుంది. 330 ఓమ్ దగ్గర ఆ ప్రభావం కనబడకపోవచ్చు గానీ లక్ష ఓమ్‌ల రెసిస్టర్ దగ్గర బాగా తెలుస్తుంది. అలవాటు మొదట్నుంచే మంచిది.

ఈ మార్గదర్శిలో ఉదాహరణ కోసం కొలిచిన విలువలు 326, 465, 988 ఓమ్‌లు అనుకుందాం. మీ అంకెలు వేరుగా ఉంటాయి. లెక్కలో మీవే పెట్టుకోండి.

## 3. సర్క్యూట్ కట్టడం: కొలతకు వీలుగా

సమాంతరంగా కలపడమంటే మూడు రెసిస్టర్ల ఒక కొస అంతా ఒకేచోట, రెండో కొస అంతా ఇంకోచోట కలవడం. బ్రెడ్‌బోర్డు అంచున ఉండే ప్లస్, మైనస్ పట్టాలు ఇందుకు సరిగ్గా సరిపోతాయి.

రెసిస్టర్ కాళ్లను నేరుగా రెండు పట్టాల్లోనూ గుచ్చేయొచ్చు. పని జరుగుతుంది. కానీ తర్వాత కరెంటు కొలవాలంటే ప్రతిసారీ రెసిస్టర్‌ను పీకాలి. అందుకని ఇలా కట్టండి:

1. బ్యాటరీ ఇంకా కలపకండి. హోల్డర్ నుంచి ఒక సెల్ తీసి పక్కన పెట్టండి.
2. 330 ఓమ్ రెసిస్టర్ ఒక కాలును మధ్య భాగంలోని ఒక వరుసలో, రెండో కాలును మైనస్ పట్టాలో గుచ్చండి.
3. ఆ వరుస నుంచి ప్లస్ పట్టాకు ఒక జంపర్ వైర్ వేయండి. ఆ శాఖకు అది తలుపు లాంటిది. కొలిచేటప్పుడు దాన్ని ఒక్కదాన్నే తెరిస్తే చాలు.
4. 470, 1000 ఓమ్ రెసిస్టర్లకూ ఇలాగే. ఒక్కోటీ వేరే వరుసలో ఉండాలి.
5. బ్యాటరీ ప్లస్ తీగను నేరుగా పట్టాలో పెట్టకుండా ఒక ఖాళీ వరుసలో గుచ్చి, అక్కడి నుంచి ప్లస్ పట్టాకు జంపర్ వేయండి. మొత్తం కరెంటు కొలిచే చోటు ఇదే.
6. బ్యాటరీ మైనస్ తీగను మైనస్ పట్టాలో పెట్టండి.

సెల్ తిరిగి పెట్టే ముందు ఇవి చూసుకోండి:

- ఏ రెసిస్టర్ రెండు కాళ్లూ ఒకే వరుసలో లేవు. (ఉంటే ఆ రెసిస్టర్ ఉన్నా లేనట్టే.)
- ప్లస్ పట్టా నుంచి మైనస్ పట్టాకు రెసిస్టర్ దాటకుండా పోయే తీగ ఒక్కటీ లేదు.
- పొడవాటి బోర్డుల్లో కొన్నిటికి పట్టా మధ్యలో తెగి ఉంటుంది; మీ మూడు శాఖలూ ఒకే సగంలో ఉన్నాయి.
- కాళ్లు ఒకదానికొకటి తగలడం లేదు.

ఈ దశలోనే, బ్యాటరీ లేకుండా, ప్లస్ పట్టాకూ మైనస్ పట్టాకూ మధ్య నిరోధం కొలవండి. మన ఉదాహరణలో 160 చుట్టుపక్కల రావాలి. సున్నాకు దగ్గరగా వస్తే ఎక్కడో షార్ట్ ఉంది. మీటరు ఎడమ అంచున '1' అంకె మాత్రమే చూపిస్తే ఏ శాఖా కలవలేదు.

## 4. కాగితం మీద: ముందు కరెంట్లు

సమాంతర సర్క్యూట్‌లో గుర్తుంచుకోవలసిన విషయం ఒక్కటే: ప్రతి శాఖ మీదా పడే వోల్టేజీ ఒకటే. అందువల్ల ఒక్కో శాఖకు పక్క శాఖలతో పనిలేదు. ఓమ్ నియమాన్ని విడివిడిగా పెట్టేయొచ్చు.

కరెంటు = వోల్టేజీ ÷ నిరోధం

ముందు రాసి ఉన్న విలువలతో వేద్దాం, బ్యాటరీ 6 వోల్టులు అనుకుని:

- 330 ఓమ్ శాఖ: 6 ÷ 330 = 0.01818 ఆంపియర్, అంటే 18.2 మిల్లీ ఆంపియర్లు
- 470 ఓమ్ శాఖ: 6 ÷ 470 = 0.01277 ఆంపియర్, అంటే 12.8 మిల్లీ ఆంపియర్లు
- 1000 ఓమ్ శాఖ: 6 ÷ 1000 = 0.006 ఆంపియర్, అంటే 6.0 మిల్లీ ఆంపియర్లు

జంక్షన్ (శాఖలు కలిసే చోటు) దగ్గరకు ఎంత కరెంటు వస్తే అంతే బయటికి పోవాలి కాబట్టి, బ్యాటరీ ఇచ్చేది ఈ మూడింటి మొత్తం: 36.95 మిల్లీ ఆంపియర్లు.

దశాంశాలతో తికమకగా ఉంటే ఒక సులువు ఉంది. నిరోధాన్ని ఓమ్‌లలో కాకుండా కిలో ఓమ్‌లలో రాయండి: 0.33, 0.47, 1. అప్పుడు వోల్టులను కిలో ఓమ్‌లతో భాగిస్తే జవాబు నేరుగా మిల్లీ ఆంపియర్లలోనే వస్తుంది. 6 ÷ 0.33 = 18.2. అయితే మూడింటినీ ఒకే ప్రమాణంలోకి మార్చాలి. రెండు ఓమ్‌లలో, ఒకటి కిలో ఓమ్‌లలో ఉంచితే లెక్క వెయ్యింతలు తప్పుతుంది.

భాగహారం పూర్తయ్యాక ఒక్కసారి ఆగి చూడండి. అతి చిన్న నిరోధానికి అతి పెద్ద కరెంటు వచ్చిందా? 1000 ఓమ్ శాఖ కంటే 330 ఓమ్ శాఖకు దాదాపు మూడు రెట్లు వచ్చిందా? వస్తే మొదటి సగం సరిగ్గా ఉన్నట్టే.

## 5. ఫలిత నిరోధం: ఒక్క భాగహారం

మూడు శాఖలూ కలిసి బ్యాటరీకి ఎంత నిరోధంలా కనిపిస్తున్నాయి?

ఫలిత నిరోధం = వోల్టేజీ ÷ మొత్తం కరెంటు = 6 ÷ 0.03695 = 162.4 ఓమ్‌లు

ఇప్పుడు విలోమాల సూత్రంతో సరిచూసుకోండి. ఆ సూత్రం చెప్పేది ఇప్పుడు చేసిన పనినే, ఒక్క వోల్టు బ్యాటరీ పెట్టినట్టు అనుకుని:

- 1 ÷ 330 = 0.0030303
- 1 ÷ 470 = 0.0021277
- 1 ÷ 1000 = 0.0010000
- మొత్తం = 0.0061580
- 1 ÷ 0.0061580 = 162.4 ఓమ్‌లు

రెండు దారుల్లోనూ ఒకే అంకె. మధ్యలో దశాంశాలను తొందరపడి కుదించకండి. 0.003 + 0.002 + 0.001 అని రాస్తే 166.7 వస్తుంది, నాలుగు ఓమ్‌లు ఊరికే చేరాయి.

తక్షణ పరీక్ష ఒకటి: ఫలిత నిరోధం ఎప్పుడూ అతి చిన్న రెసిస్టర్ కంటే తక్కువగానే ఉండాలి. ఇక్కడ 330 కంటే తక్కువ. 162 సరే. 1800 వస్తే శ్రేణిలో కలిపినట్టు కూడేశారు. 0.006 వస్తే చివరి విలోమం మర్చిపోయారు.

## 6. బ్యాటరీ నిజంగా ఎంత ఇస్తోంది?

సెల్ తిరిగి పెట్టండి. మీటరును డీసీ వోల్టుల 20 రేంజ్‌కు తిప్పి, నలుపు ప్రోబ్ మైనస్ పట్టాకు, ఎరుపు ప్రోబ్ ప్లస్ పట్టాకు ఆనించండి.

కొత్త ఆల్కలైన్ సెల్ 1.5 కంటే కాస్త ఎక్కువే ఇస్తుంది. వాడినది తక్కువ ఇస్తుంది. అందుకే లెక్కలోకి 6 అనే అంకె తీసుకోవద్దు, కొలిచినది తీసుకోండి. అదీ రెసిస్టర్లు కలిపి ఉండగా కొలిచినది. ఉదాహరణకు బ్యాటరీ విడిగా 6.20 చూపించి, శాఖలు మూడూ కలిశాక 6.12కు దిగిందనుకుందాం. ఆ 0.08 వోల్టు సెల్స్ లోపలి నిరోధంలోనూ హోల్డర్ స్ప్రింగుల దగ్గరా పోయింది. సుమారు 38 మిల్లీ ఆంపియర్ల దగ్గర 0.08 వోల్టు అంటే, అది దాదాపు 2 ఓమ్‌లు.

ప్రోబ్‌లను పట్టాల దగ్గర్నుంచి జరిపి ఒక్కో రెసిస్టర్ కాళ్లకు ఆనించి కూడా చూడండి. మూడు చోట్లా 6.12 రావాలి. ఒకచోట తక్కువ వస్తే ఆ జంపర్ వదులుగా ఉంది; సున్నా వస్తే ఆ శాఖ తెగింది.

ఇప్పుడు లెక్కను అసలు అంకెలతో మళ్లీ వేయండి:

- 6.12 ÷ 326 = 18.77 మిల్లీ ఆంపియర్లు
- 6.12 ÷ 465 = 13.16 మిల్లీ ఆంపియర్లు
- 6.12 ÷ 988 = 6.19 మిల్లీ ఆంపియర్లు
- మొత్తం 38.13 మిల్లీ ఆంపియర్లు, ఫలిత నిరోధం 160.5 ఓమ్‌లు

రాసి ఉన్న విలువలతో వచ్చిన 36.95కూ దీనికీ మూడు శాతం తేడా. "సూత్రం ఒకటి చెబుతోంది, మీటరు ఇంకోటి" అన్న ఫిర్యాదులో పెద్ద వాటా ఇదే.

## 7. కరెంటు కొలవడం: ఇక్కడ నిదానం కావాలి

వోల్టేజీని కొలిచేటప్పుడు మీటరు పక్కన నిలబడి చూస్తుంది. కరెంటు కొలిచేటప్పుడు కరెంటు మీటరులోంచే పోవాలి. అంటే దారిని తెంపి, ఆ తెంపిన చోట మీటరును దూర్చాలి.

1. ఒక సెల్ తీసేయండి.
2. ఎరుపు ప్రోబ్ తీగ మిల్లీ ఆంపియర్ల రంధ్రంలో ఉందో లేదో చూడండి. చాలా చిన్న మీటర్లలో వోల్టులకూ మిల్లీ ఆంపియర్లకూ ఒకటే రంధ్రం, కొన్నిటిలో వేర్వేరు.
3. డయల్‌ను డీసీ 200 మిల్లీ ఆంపియర్లకు తిప్పండి.
4. 330 ఓమ్ శాఖ జంపర్‌ను పీకేయండి.
5. ఎరుపు ప్రోబ్‌ను ప్లస్ పట్టాకు, నలుపు ప్రోబ్‌ను ఆ రెసిస్టర్ వరుసకు కలపండి. ఎలిగేటర్ క్లిప్పులుంటే హాయి. రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి.
6. సెల్ పెట్టండి. అంకె రాసుకోండి. సెల్ తీయండి.
7. జంపర్‌ను తిరిగి పెట్టి, తర్వాతి శాఖకు వెళ్లండి.
8. మూడూ అయ్యాక, బ్యాటరీ నుంచి ప్లస్ పట్టాకు వేసిన జంపర్ స్థానంలో మీటరు పెట్టి మొత్తం కొలవండి.
9. పని అయిన మరుక్షణం డయల్‌ను వోల్టులకు తిప్పేయండి. మిల్లీ ఆంపియర్ల రంధ్రం వేరుగా ఉన్న మీటరైతే ఎరుపు తీగనూ వోల్టుల రంధ్రంలోకి మార్చండి.

తొమ్మిదో అడుగును దాటేసేవాళ్లే ఎక్కువ. మీటరు కరెంటు రేంజ్‌లో ఉండగా వోల్టేజీ చూద్దామని ప్రోబ్‌లను బ్యాటరీ రెండు కొసలకూ ఆనిస్తే అది నేరుగా షార్టే. మీటరు లోపలి చిన్న ఫ్యూజ్ ఎగిరిపోతుంది. 10 ఆంపియర్ల రంధ్రానికైతే చౌక మీటర్లలో చాలావాటికి ఫ్యూజే ఉండదు.

ఫ్యూజ్ పోయిందని ఎలా తెలుస్తుంది? వోల్టులు, ఓమ్‌లు మామూలుగా చూపిస్తూ, మిల్లీ ఆంపియర్లు మాత్రం ఎక్కడ పెట్టినా 0 చూపిస్తే అనుమానించండి. మీటరు వెనక మూత తెరిచి, ఫ్యూజ్ బయటికి తీసి, దాని రెండు కొసల మధ్య ఓమ్‌లు కొలిస్తే తేలిపోతుంది. అదే విలువ ఉన్న ఫ్యూజ్ వేయాలి. తీగ ముక్కతో సరిపెట్టకండి.

### మూడు శాఖలకూ మొత్తానికీ ఒకే రేంజ్

ఈ సంగతి ఎవరూ ముందుగా చెప్పరు, కానీ జనాన్ని ఎక్కువ ఏడిపించేది ఇదే. మీటరు కూడా ఒక చిన్న రెసిస్టరే. మామూలు చిన్న డిజిటల్ మీటర్లలో, రేంజ్ నిండా కరెంటు పోయేటప్పుడు మీటరు మీద సుమారు 0.2 వోల్టు పడుతుంది. అంటే 200 మిల్లీ ఆంపియర్ల రేంజ్‌లో దాని నిరోధం 1 ఓమ్, 20 మిల్లీ ఆంపియర్ల రేంజ్‌లో 10 ఓమ్‌లు. ఫ్యూజ్, తీగలు అదనం.

శాఖలన్నీ 20 కంటే తక్కువే కదా, ఇంకో దశాంశం దొరుకుతుందని 20 రేంజ్ వాడారనుకోండి. వచ్చే అంకెలు ఇలా ఉంటాయి: 18.21, 12.88, 6.13. కూడితే 37.2. మొత్తం కొలవడానికి మాత్రం 200 రేంజ్‌కు పోక తప్పదు, అక్కడ 37.9 వస్తుంది. శాఖలన్నీ కలిపినా మొత్తానికి 0.7 తక్కువ! జంక్షన్ నియమమే తప్పిందేమో అనిపిస్తుంది. నిజానికి 20 రేంజ్‌లో మీరు కొలిచింది 326 ఓమ్ శాఖను కాదు, 336 ఓమ్ శాఖను.

అన్నిటికీ 200 రేంజే వాడితే 18.7, 13.1, 6.2 వస్తాయి. కూడితే 38.0, మొత్తం 37.9. ఇది ముచ్చటగా కలిసింది.

మీటరు జోక్యమే వద్దనుకుంటే ఇంకో దారి ఉంది. శాఖను తెంపకుండా రెసిస్టర్ మీది వోల్టేజీ కొలిచి, ముందుగా కొలిచిపెట్టుకున్న నిరోధంతో భాగించండి. వోల్టుల రేంజ్‌లో మీటరు నిరోధం చాలా ఎక్కువ కాబట్టి సర్క్యూట్‌ను అది దాదాపు కదిలించదు. చిన్న సర్క్యూట్లకు నాకు ఈ పద్ధతే ఎక్కువ ఇష్టం.

## 8. తేడా వస్తే కారణం పట్టుకోవడం

కొలిచిన విలువలతో వేసిన లెక్కకూ మీటరు చూపించే కరెంటుకూ మధ్య ఒకటి రెండు శాతం తేడా ఉంటే వదిలేయండి. అంతకు మించితే మొత్తం కరెంటును చూసే కారణం చెప్పొచ్చు. మన ఉదాహరణలో 38 రావాలి:

- 32 దగ్గర వస్తే 1000 ఓమ్ శాఖ కలవలేదు.
- 25 దగ్గర వస్తే 470 ఓమ్ శాఖ కలవలేదు.
- 19 దగ్గర వస్తే 330 ఓమ్ శాఖ కలవలేదు.
- 32.5 వస్తే 1000 బదులు 10,000 ఓమ్ రెసిస్టర్ పడింది.
- 3.4 వస్తే మూడూ శ్రేణిలో ఉన్నాయి.
- మీటరు రేంజ్ దాటిపోతే, సెల్స్ వేడెక్కుతుంటే షార్ట్. వెంటనే సెల్ తీయండి.

మీ రెసిస్టర్లు వేరైతే ఈ జాబితాను మీరే తయారుచేసుకోవచ్చు: మొత్తంలోంచి ఒక్కో శాఖ కరెంటును తీసేస్తూ రాసుకుంటే సరి.

ఒక శాఖ తీసేసినప్పుడు మిగతా వాటి కరెంటు ఏమాత్రం మారదని పుస్తకాలు చెబుతాయి. చేతి సర్క్యూట్‌లో రవ్వంత పెరుగుతుంది. బ్యాటరీ మీద బరువు తగ్గి 6.12 కాస్తా 6.13 అవుతుంది. కంగారు పడాల్సింది లేదు.

## 9. లెక్కలో తరచూ దొర్లే తప్పులు

మూడింటికి గుణకారం, కూడిక సూత్రం. రెండు రెసిస్టర్లకైతే లబ్ధాన్ని మొత్తంతో భాగిస్తే చాలు. దాన్నే మూడింటికి సాగదీసి 330 × 470 × 1000 ÷ 1800 అని వేస్తే 86,167 వస్తుంది. అర్థం లేని అంకె. రెండేసి చొప్పున పోవాలి: 330, 470 కలిస్తే 155100 ÷ 800 = 193.9, దాన్ని 1000తో కలిపితే 162.4.

క్యాలిక్యులేటర్‌లో బ్రాకెట్లు. 1 ÷ 1 ÷ 330 + 1 ÷ 470 అని వరసగా కొడితే యంత్రం మొదటి ముక్కను వేరే అర్థంలో తీసుకుంటుంది. విలోమాలను కాగితం మీద రాసి, కూడి, చివర్లో ఒక్కసారి తిప్పండి.

సర్క్యూట్‌లో ఉండగానే రెసిస్టర్‌ను కొలవడం. 1000 ఓమ్ రెసిస్టర్ కాళ్ల దగ్గర మీటరు పెడితే 160 చూపిస్తుంది, ఎందుకంటే మిగతా రెండూ దానికి సమాంతరంగానే ఉన్నాయి. కనీసం ఒక కాలైనా విడదీయాలి. బ్యాటరీ కలిపి ఉండగా ఓమ్‌లు కొలిస్తే వచ్చేది వట్టి చెత్త అంకె.

కరెంటును నిరోధాల నిష్పత్తిలో పంచడం. పంపకం తిరగబడి ఉంటుంది: నిరోధం ఎక్కువైన చోట కరెంటు తక్కువ.

## 10. వెనక నుంచి లెక్క: ఏ రెసిస్టర్ కలపాలి?

"మొత్తం కరెంటు 50 మిల్లీ ఆంపియర్లు కావాలి, ఇంకో రెసిస్టర్ ఏది పెట్టాలి?" అన్న ప్రశ్నకు విలోమాలతో కుస్తీ అక్కర్లేదు.

1. 6 వోల్టుల దగ్గర ఇప్పుడు పోతున్నది 36.95.
2. ఇంకా కావలసినది 50 − 36.95 = 13.05 మిల్లీ ఆంపియర్లు.
3. కొత్త శాఖ నిరోధం: 6 ÷ 0.01305 = 460 ఓమ్‌లు.
4. సులువుగా దొరికే విలువల్లో దగ్గరిది 470. అది 12.8 మిల్లీ ఆంపియర్లు లాగుతుంది; మొత్తం 49.7.
5. వేడి చూసుకోండి: 6 × 0.0128 = 0.077 వాట్. పావు వాట్‌కు ఇబ్బంది లేదు.

ఐదో అడుగు ప్రతి కొత్త శాఖకూ చేయాలి.

## 11. శాఖలో ఎల్‌ఈడీయో బల్బో ఉంటే

ఎల్‌ఈడీకి ఓమ్ నియమాన్ని నేరుగా పెట్టకూడదు. ఎర్రది వెలుగుతున్నప్పుడు దాని మీద సుమారు 2 వోల్టులు పడతాయి. కరెంటు కాస్త అటూ ఇటూ అయినా ఆ 2 పెద్దగా మారదు. 330 ఓమ్ రెసిస్టర్‌కు శ్రేణిలో ఎర్ర ఎల్‌ఈడీ పెట్టి ఆ శాఖను కట్టారనుకోండి:

(6 − 2) ÷ 330 = 12.1 మిల్లీ ఆంపియర్లు

2 అని ఊహించే బదులు ఎల్‌ఈడీ మీది వోల్టేజీని కొలిచి తీసేస్తే ఇంకా మంచిది. ప్రతి ఎల్‌ఈడీకి దాని రెసిస్టర్ దానికే ఉండాలి. రెండు ఎల్‌ఈడీలను సమాంతరంగా పెట్టి రెంటికీ ఒకే రెసిస్టర్ వేస్తే, తక్కువ వోల్టేజీకి వెలిగేది ఎక్కువ కరెంటు లాగేసుకుంటుంది, రెండోది మినుకుమినుకుమంటుంది.

ఇలాంటి శాఖ ఉన్నప్పుడు విలోమాల సూత్రం చేతులెత్తేస్తుంది, కానీ కరెంట్లను కూడే పద్ధతి చెక్కుచెదరదు: 12.1 + 12.8 + 6.0 = 30.9 మిల్లీ ఆంపియర్లు. దీన్నిబట్టి ఫలిత నిరోధం 6 ÷ 0.0309 = 194 ఓమ్‌లు అని రాయొచ్చు గానీ, ఆ అంకె 6 వోల్టులకే చెల్లుతుంది. ఇదే సర్క్యూట్‌కు మూడు సెల్స్‌తో 4.5 వోల్టులు ఇస్తే శాఖల కరెంట్లు 7.6, 9.6, 4.5 అవుతాయి, మొత్తం 21.7, ఫలిత నిరోధం 208 దాకా పెరుగుతుంది.

బల్బుదీ ఇలాంటి పేచీనే. ఆరిన బల్బును మీటరుతో కొలిస్తే వచ్చే నిరోధం, అది వెలుగుతున్నప్పుడు ఉండే నిరోధంలో చిన్న భాగమే. కాబట్టి బల్బు శాఖకు చల్లని నిరోధంతో లెక్కవేయకండి. వెలిగించి, 200 రేంజ్ దాటుతుందేమో అని ముందు పెద్ద రేంజ్‌లో చూసి, కరెంటు కొలిచి, ఆ అంకెను మిగతా శాఖలకు కలపండి.